ఓబుళేశు నోట్లో నిలవని బ్రష్షు

పత్తికొండ ఓబుళేశు మామ ఒకసారి రోడ్డు రోలరును పళ్ళతో ఆపేశాడు. బ్రేకులు పోయి మార్కెట్ యార్డు వైపు దొర్లుకుంటూ వస్తున్న రోలరుకు ఎదురుపోయి, దాని గొలుసును ముందు పళ్ళ మధ్య బిగించి, మడమలు నేలలో దిగేసి నిలబడ్డాడు. రోలరు ఆగింది. డ్రైవరు దిగి వచ్చి దండం పెట్టాడు. ఆ గొలుసు మీద పళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయని ఊళ్ళో చెప్పుకుంటారు. చెప్పేది ఎక్కువగా నేనే అనుకోండి. అయినా కాదని వాదించిన మనిషి ఇంతవరకు నా అంగడి మెట్లు ఎక్కలేదు. ఓబుళేశు పళ్ళ గురించి ఏం చెప్పినా నమ్మడానికి పత్తికొండ ఎప్పుడూ సిద్ధమే.

అలాంటి పళ్ళున్న మనిషిని నిరుడు ఒక ప్లాస్టిక్ బ్రష్షు ఏడిపించింది. ఆయన్ను ఒక్కణ్ణే కాదు, ఆయన భార్య కృష్ణవేణమ్మత్తను, బస్టాండు దగ్గర ఫ్యాన్సీ అంగడి నడుపుకునే నన్ను కూడా. నేను పదో తరగతి దగ్గర బడికి దండం పెట్టి వచ్చినవాణ్ణే. కానీ బ్రష్షుల విషయంలో నాతో వాదించి గెలిచినవాడు ఆదోని నుంచి డోన్ దాకా లేడు. ఆ పేరు కూడా మామ చేతిలో మట్టిగొట్టుకుపోయింది.

మా వైపు వేరుశనగను బుడ్డలంటాం. ఓబుళేశు మామ పని బుడ్డల మిల్లు గేటు దగ్గర. రైతు ట్రాక్టరు తెచ్చి ఆపగానే మొదట ట్రాలీ ఎక్కేది ఆయనే. చేతిని మోచేతిదాకా కాయల్లోకి దూర్చి అడుగునుంచి గుప్పెడు పైకి లాగుతాడు. చెవి దగ్గర పెట్టి గలగలలాడిస్తాడు. ఒక కాయ ఒలిచి, గింజను ముందు పళ్ళ మధ్య పెట్టి కొరుకుతాడు. బాగా ఆరిన గింజ టప్పున రెండు బద్దలవుతుంది. తేమ ఉన్నది చప్పుడు చేయకుండా నలిగిపోతుంది. ఆ రెండింటికీ నడుమ బోలెడన్ని మెట్లున్నాయని, అవి పంటికి తప్ప ఇంక దేనికీ దొరకవని ఆయన వాదన.

"ఎండినాయప్పా, దించుకోండి" అంటే బస్తాలు లోపలికి పోయేవి. "ఇంగో ఎండ చూపిచ్చు" అంటే ట్రాక్టరు వెనక్కి తిరిగేది. రైతు ఎంత గొణిగినా, మిల్లు ఓనరు జయకుమార్ కూడా ఆ మాటకు అడ్డు చెప్పేవాడు కాదు. గేటు దగ్గర ఇనుప కుర్చీ ఒకటి ఉంటుంది. అది ఓబుళేశు కుర్చీ. ఆయన లేనప్పుడు దాని మీద కుక్క కూడా పడుకోదని నేనంటాను.

ఆ విద్య ఎవరో నేర్పింది కాదు. వాళ్ళ నాయన తిమ్మయ్యకు ఉన్నది ఎర్ర నేల, వాన పడితే చేను, పడకపోతే దుమ్ము. చిన్నప్పుడు మామ బళ్ళో చదివినది తక్కువ, చేలో నమిలినది ఎక్కువ. పెళ్ళి చూపులకు పోయినప్పుడు కూడా అంతే. అమ్మాయి తరపువాళ్ళు పళ్ళెంలో బుడ్డలు పెడితే ఒకటి కొరికి, కాబోయే అత్తగారితో, "ఇవి ఇంగ ఆరాలమ్మా, గాదెలో పోస్తే బూజు పడతాయి" అన్నాడట. కృష్ణవేణమ్మత్త ఇప్పటికీ ఆ మాట ఎత్తి ఊరుకోదు.

"నన్ను చూసేకి వచ్చి బుడ్డల్ని చూసినాడప్పా. ఆ పొద్దే అనుకున్నా, ఈ మనిషి నోటితో నాకు సుఖం లేదని."

మామ పళ్ళకు పుట్టినప్పటినుంచి ఒక్కటే మచ్చ. ఇటుక రంగు గీతలు. మా బోర్ల నీళ్ళు తాగి పెరిగినవాళ్ళలో శానామందికి ఉంటాయి. అది మరక కాదు, గార కాదు, పంటిలోనే పుట్టిన రంగు. ఈ సంగతి మామకు తెలియదు. తెలిసినా ఒప్పుకోడు. దాన్ని మురికి అనుకుని జీవితమంతా దానితో యుద్ధం చేశాడు. మొదట వేపపుల్ల, తర్వాత బొగ్గుపొడి, ఉప్పు. అందరూ బ్రష్షులకు మారాక ఆయన కూడా మారాడు. అప్పటినుంచి నాకు కష్టకాలం మొదలైంది.

"అల్లుడా, గట్టిది ఇయ్యి. పందిముల్లు మాదిరి ఉండాల."

"మామా, అంత గట్టిది అంగట్లో ఉండేది బట్టలుతికే బ్రష్షు ఒకటే."

"అదైనా ఇయ్యి."

ఇచ్చానని కాదు. ఉన్నవాటిలో గట్టిది ఇచ్చాను. దాన్ని ఆయన పట్టుకునే తీరు చూస్తే వడ్రంగి రంపం పట్టినట్టే ఉంటుంది. ఈ చెవి నుంచి ఆ చెవికి ఒకే లాగుడు. నోట్లోంచి వచ్చే శబ్దానికి వాళ్ళ గేదె పాలు చేపడం మానేసిందని నేనంటే, పాలు పోసే అత్త కూడా నవ్వి ఊరుకుంది.

నిరుడు పాత పంట చివర్లో దెబ్బ తగిలింది. చల్లనీళ్ళు తాగితే పన్ను జివ్వుమనడం మొదలైంది. తర్వాత గాలి తగిలినా జివ్వే. ఆ తర్వాత గేటు దగ్గర గింజ కొరకగానే, తల వెనకదాకా తీగ లాగినట్టు నొప్పి. మామ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో మాత్రం జొన్నరొట్టె మజ్జిగలో నానబెట్టుకుని తినడం మొదలుపెట్టాడు. రొట్టె కరకరలాడకపోతే కంచం నెట్టేసే మనిషి రొట్టె నానబెట్టుకుంటుంటే అత్తకు అర్థం కాకుండా ఉంటుందా?

జయకుమార్‌కు కూడా అర్థమైంది. గింజ కొరికేటప్పుడు ఓబుళేశు ఒక కన్ను మూసుకోవడం చూశాడు. తేమ చూసే మిషన్ ఒకటి మిల్లు ఆఫీసులో అప్పటికే ఉంది. గుడ్డ కప్పి ఓ మూల పెట్టారు. ఆ రోజు జయకుమార్ దాని మీద గుడ్డ తీసి దుమ్ము దులిపాడు. తర్వాత మర్యాదగానే చెప్పాడు.

"ఓబుళేశన్నా, కోపం చేసుకోవద్దు. దసరా అయినాక కొత్త బుడ్డలు దిగుతాయి. అంతలోపల పండ్లు బాగు చేపిచ్చుకో. లేకుంటే ఈసారి గేటు కాడ మిషన్ పెడతా."

మామ మిల్లు గేటు దాటాడు. నేరుగా నా అంగడికి వచ్చాడు. కొట్లాటకు వచ్చినవాడిలా నిలబడి, "కర్నూలుకు పోదాం పా, పండ్ల డాక్టరు కాడికి" అన్నాడు. ఆ గొంతులో మొదటిసారి భయం వినబడింది నాకు. పన్ను పోతుందని కాదు. ఆ ఇనుప కుర్చీ పోతుందని.

కర్నూల్లో డాక్టరు శిల్ప అని చిన్నమ్మాయి. ఓపిక గల మనిషి. మామ నోట్లో అద్దం పెట్టి చూసి, ఆయన చేతికి ఇంకో అద్దం ఇచ్చి చూపించింది.

"చూడండి పెద్దాయనా. ఈ రంగు మురికి కాదు. ఎంత తోమినా పోదు. మీరు తోమి తోమి పళ్ళ మొదళ్ళు అరగదీశారు. ఇక్కడ గాడి పడింది, గోరు పెడితే ఆగుతుంది. చిగుళ్ళు కూడా దిగిపోయాయి. అందుకే జివ్వుమంటోంది. మెత్త బ్రష్షు వాడాలి."

"మెత్తదా?" మామ కుర్చీలోంచి లేవబోయాడు. "మెత్తగుంటే మురికి యాడ పోతాదమ్మా? మెత్త చీపురుతో ఊడిస్తే అది ఊడ్చినట్లా, బండకు ముద్దు పెట్టినట్లా?"

డాక్టరమ్మ నవ్వింది. సొరుగులోంచి రెండు బ్రష్షులు తీసి, తన వేలి గోరు మీద ఆనించి చూపించింది. గట్టి బ్రష్షు కుచ్చులు లావు పోగులవి, అవి గోరు మీదే నిలబడిపోయాయి. మెత్తదాని సన్నటి పోగులు వంగి, గోటికీ చర్మానికీ మధ్య సందులోకి దూరాయి.

"పాచి ఉండేది పంటి ముఖం మీద కాదు, పన్ను చిగురులో దిగే అంచు దగ్గర, పంటికీ పంటికీ సందులో. గట్టిది అక్కడికి పోలేదు, వంగదు కాబట్టి. పైన పైన గీకుతుంది. పాచి అంటే రాయి కాదు, పెరుగు మీది మీగడలాంటిది. దానికి బలం ఎందుకు? ఈ పోగుల చివరలు కూడా గుండ్రంగా ఉంటాయి, చిగురు గీసుకోకుండా. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని, మెల్లగా తిప్పండి."

"గాడి పడిండేదానికి ఏం చేస్తారు?" నేనే అడిగాను.

"సిమెంటు పెట్టి పూడ్చవచ్చు. కానీ ఇదే చేత్తో ఇలాగే తోమితే అది కూడా లేచిపోతుంది. ఈ మెత్త బ్రష్షు తీసుకుపోయి నెల రోజులు వాడండి. కుచ్చులు ఇలాగే నిలబడి ఉంటే తెచ్చి చూపించండి, అప్పుడు పెడతాను. కుచ్చులు పక్కలకు విచ్చుకుని ఉంటే మాత్రం, మీరు నా మాట వినలేదని అర్థం. విచ్చుకున్న బ్రష్షు శుభ్రమూ చేయదు, చిగురునూ వదలదు."

అంటే బ్రష్షు నిలిస్తే పన్ను, పన్ను నిలిస్తే కుర్చీ. బస్సులో వస్తూ మామ ఆ బ్రష్షును పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. వెల్దుర్తి దాటేదాకా దానివైపే అనుమానంగా చూశాడు.

వారం తిరక్కుండానే అంగడికి వచ్చి దాన్ని నా బల్ల మీద గిరాటేశాడు.

నేను అంగడి పెట్టినప్పటినుంచి పాత బ్రష్షులు చాలా చూశాను. అలాంటిది చూడలేదు. పిట్టలు తిని వదిలేసిన సజ్జకంకిలా ఉంది. కుచ్చులు నలుదిక్కులకూ పడుకున్నాయి. నడుమ బట్టతల.

"ఏమిరా, ఇది బ్రష్షా? డాక్టరమ్మకు ఏమని చూపియ్యాల దీన్ని?"

"మామా, నువ్వు పండ్లు తోముకున్నావా, దీంతో బావి తవ్వినావా?"

"మెల్లగ తోమినా రా! దేవుని తోడు, ఈకతో రుద్దినట్ల తోమినా. మీ అత్తను అడుగు."

అత్తను అడిగాను. అవునంది. మెల్లగానే తోముతున్నాడు, పెన్ను పట్టుకున్నట్టే పట్టుకుంటున్నాడు, తాను దగ్గర నిలబడి చూస్తున్నానని చెప్పింది. మరి కుచ్చు ఎందుకు పోయింది?

సరే, బ్రష్షులో లోపం ఉంటుందనుకున్నాను. ఈసారి నా తెలివంతా వాడాను. కుచ్చులు వత్తుగా ఉన్నది ఏరి ఇచ్చాను. వత్తుగా ఉంటే ఒకదానికొకటి ఆసరాగా నిలబడతాయి, పలచగా ఉంటే ఒక్కొక్కటిగా పడిపోతాయి. అది కూడా సంత రోజుకల్లా అదే వేషంలో తిరిగొచ్చింది. తర్వాత ఎత్తుపల్లాల కుచ్చులది ఇచ్చాను. ఎత్తుగా ఉన్నవి ముందు పడిపోయాయి, పొట్టివి వాటి మీద పడుకున్నాయి. తర్వాత సూదిమొనల్లా సన్నబడే పోగులది ఇచ్చాను. చిగురు అంచుల్లోకి బాగా పోతుంది కానీ అంత సున్నితమైనది అంత త్వరగా అలిసిపోతుంది. అది మూడో పొద్దుకే ఊలుముద్ద అయింది.

ప్రతిసారీ మామ రావడం, బల్ల మీద విసరడం, నేను ఎగతాళి చేయడం, ఆయన తిట్టడం. దసరా దగ్గరపడుతోంది. చేలల్లో బుడ్డ చెట్లకు కాయలు పడుతున్నాయి. నెల రోజులు నిలవాల్సిన బ్రష్షు ఒక్క వారం నిలవడం లేదు. ఎగతాళి చేస్తుంటే నాకే నవ్వు రావడం మానేసింది.

ఇంతలో మామ సొంత తెలివి వాడాడు. విచ్చుకున్న బ్రష్షును పారేయడం ఎందుకని, మంగలి అంగడికి తీసుకుపోయి కత్తెరతో కుచ్చుల చివరలు సమంగా కత్తిరించి తెచ్చుకున్నాడు. చూడ్డానికి క్రాపు చేయించుకున్న పెళ్ళికొడుకులా ఉంది. మరుసటి పొద్దున దానితో తోముకుని ఊస్తే ఎర్రగా వచ్చింది.

"ఇగుర్లంతా రక్తం రా. మెత్త బ్రష్షు గూడా కోస్తాండాది. ఇది మోసం."

ఆ బ్రష్షును ఫోను కెమెరాలో పెద్దది చేసి చూపించాను. గుండ్రటి చివరలు కత్తెరకు పోయాయి. ఒక్కో పోగూ జొన్న కోసిన చేలో మోడులా ఏటవాలుగా, పదునుగా నిలబడి ఉంది.

"జొన్న మోళ్ళ మీద చెప్పుల్లేకుండా నడుస్తావా మామా? నీ ఇగుర్లను నడిపిచ్చినావు."

ఆయన ఫోనులోకి శానాసేపు చూశాడు. తప్పు ఒప్పుకుంటాడనుకున్నాను. "అంత చిన్నదాని మొన గుండ్రంగ చేసినోళ్ళకు, అది నిలబడేటట్ల చేసేది తెల్దా?" అన్నాడు.

తర్వాత కృష్ణవేణమ్మత్త వంతు. పడుకున్న కుచ్చులు లేస్తాయేమోనని మరిగే నీళ్ళలో ముంచింది. వేడికి పోగులు మెత్తబడి, ఉన్నవి కూడా వంకర తిరిగాయి. "గంజిలో ముంచకపోయినావు, ఇస్త్రీ గూడా చేద్దుము" అన్నాను. అత్త చేతిలోని గరిటె నా వైపు లేపింది. మామ అరుగు మీద కూర్చుని చెంపకు చెయ్యి పెట్టుకున్నాడు.

అది చాలదన్నట్టు, మరునాడు టీ అంగడి దగ్గర మామ నలుగురిలో నా పేరు ఎత్తాడు. "వాడు అమ్మేవన్నీ డూప్లికేటు బ్రష్షులు. దుడ్లు దండగ." అంతే. ఆ సాయంత్రం ఒకామె సబ్బు కొంటూ, "ఇది గూడా డూప్లికేటేనా?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. నా అంగట్లోనే ఇంకో కొత్త మెత్త బ్రష్షు తీసుకుని, తెల్లారేసరికి వాళ్ళింటి ముందు నిలబడ్డాను.

"ఇదో మామా. నా కండ్ల ముందర తోము. ఈ పొద్దు నువ్వో నేనో తేలిపోవాల."

"చూసుకో" అన్నాడు. అట్ట చింపాడు. బ్రష్షు తీశాడు. పేస్టు పెట్టలేదు. దాని తలను నేరుగా దవడ పళ్ళ మధ్య పెట్టి కసకసా నమలడం మొదలుపెట్టాడు. నములుతూనే పోయి గేదెను విప్పాడు. నములుతూనే తొట్టిలో నీళ్ళు పోశాడు. బ్రష్షు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మారింది. మధ్యలో ఒకసారి బయటికి తీసి, కుచ్చును వేలితో నొక్కి చూసి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ లోపల పెట్టాడు.

చింపిన అట్టను చేతిలో పట్టుకుని గేదె తొట్టి దాకా ఆయన వెంటే పోయాను.

"మామా, ఏం చేస్తాండావు?"

"కనపడల్యా? మెత్తబెడతాండా. కొత్తది గదా, కుచ్చు విప్పాల గదా."

"విప్పాలని ఎవరు చెప్పినారు?"

"ఎవరో చెప్పాల్నా? వేపపుల్లను నమలకుండా తోముకుంటావా నువ్వు? చివర నలగ్గొట్టి కుచ్చు విప్పితేనే గదా అది పండ్లు తోమేది. ఇదీ అంతే. కుచ్చంతా ఒకేచోట బిగదీసుకొని ఉంటాది, నమిలితే విచ్చుకుంటాది. బాగా విచ్చుకున్నాక పేస్టు పెట్టుకొని, మీ డాక్టరమ్మ చెప్పినట్ల మెల్లగ తోముతా."

నేను గేదె తొట్టి పక్కనే కూలబడ్డాను. ఎత్తుపల్లాల కుచ్చులు, సన్నమొనల కుచ్చులు, వత్తు కుచ్చులు, అన్నీ ఆ దవడల కిందే నలిగాయి. అత్త వైపు తిరిగాను.

"అత్తా, నువ్వు దగ్గర నిలబడి చూస్తాంటి గదా. ఇది చెప్పలేదేం?"

"చెప్పేదానికేముందప్పా?" అంది అత్త, పేడ తట్ట దించకుండానే. "మా నాయన గూడా కొత్త బ్రష్షు అట్లనే నమిలేది. అందరూ అట్లనే చేస్తారనుకుంటి."

"మామా, విను. పుల్లలో కుచ్చు లోపల ఉంటాది. నమిలితే బయటికొస్తాది. దీనికి ఫ్యాక్టరీవాళ్ళే బయట పెట్టి పంపించినారు. మళ్ళీ నమిలే పని లేదు."

మామ నమలడం ఆపాడు. బ్రష్షును బయటికి తీసి చూశాడు.

"అయితే వాళ్ళు ముందే నమిలి పంపిస్తారా? ఎంగిలా?"

"ఎవురూ నమలల్యా!" అని నేను అరిచిన అరుపుకు గేదె తాడు తెంపుకుని గుండ్ల చెరువుదాకా పరిగెత్తింది. నిజానికి రెండడుగులు వేసి ఆగింది. కానీ నా అరుపు బలం అలాంటిది.

ఆ పొద్దున్నుంచి నమలడం మానాలి. చెప్పినంత సులువు కాదు. బ్రష్షు నోట్లో పడగానే ఆయన దవడ తనంతట తాను పని మొదలుపెడుతుంది. చిన్నప్పటినుంచి తోముకోవడమంటే నములుతూ చేనుకు నడవడం, నములుతూ ఊళ్ళో కబుర్లు వినడం. ఇప్పుడేమో అద్దం ముందు కదలకుండా నిలబడాలి. "బడిపిల్లోని మాదిరి నిలబెట్టినారు నన్ను" అని విసుక్కునేవాడు. అత్త పక్కనే నిలబడి, దవడ కదిలితే మోచేత్తో పొడిచేది. ఒకసారి పొడుపుకు బ్రష్షు ముక్కులోకి పోయిందట. ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. నేను పోయి, నమలాలనిపిస్తే ముందు వేపపుల్ల నమిలి పారెయ్యమని, తర్వాత బ్రష్షు పట్టమని రాజీ చేశాను. అది పనిచేసింది. దవడ కోరిక పుల్ల మీద తీరిపోయింది.

బ్రష్షు నిలిచింది. నెల తిరిగినా కుచ్చులు నిటారుగా, చివర్లు కొంచెం మాత్రమే అరిగి, గూట్లో నిలబడి ఉన్నాయి. చిగుళ్ళ నుంచి రక్తం ఆగింది. మామ దాన్ని గుడ్డలో చుట్టుకుని కర్నూలు బస్సెక్కాడు. ఆయన పక్కన కూర్చున్న నేను అంత పొగరుగా ఎప్పుడూ ప్రయాణం చేయలేదు.

డాక్టరమ్మ బ్రష్షు చూసి మెచ్చుకుంది. పళ్ళ మొదళ్ళలో సిమెంటు పెట్టింది. చల్లనీళ్ళిచ్చి తాగమంది. మామ తాగి, కాసేపు ఆగి, జివ్వుమనలేదని చెప్పాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆమె లైటు ఇంకా ముందు పంటి మీదే ఉంచింది.

"ఇది చూశారా? పై నుంచి కిందికి సన్నగా పగులు. ఇది బ్రష్షు వల్ల కాదు. మీరు గట్టివేమైనా ఈ పంటితో కొరుకుతారా?"

మిల్లు గేటు దగ్గర గింజలు కొరికే సంగతి నేను చెప్పాను.

"అయితే అది మానాలి. ఇప్పటికి నిలబడింది. ఇంకో సీజను గింజలు కొరికితే పన్ను నిలువునా విడిపోతుంది. అప్పుడు పీకడం తప్ప దారి లేదు."

తిరుగు బస్సులో మామ కోపం చెప్పనలవి కాదు. బ్రష్షు మీద కోపం, డాక్టరమ్మ మీద కోపం, నా మీద కోపం, తాగిన బోరునీళ్ళ మీద కోపం. "ఇన్ని నెలలు బ్రష్షు, బ్రష్షు అని నన్ను తిప్పిరి. ఆ బ్రష్షు నిలిచె. ఇంగ నేనేమి చేసుకోవాల దాన్ని? గేటు కాడ పోయి రైతుకు బ్రష్షు చూపియ్యాల్నా?" అన్నాడు. ఊరు వచ్చేముందు మాత్రం గట్టిగా చెప్పాడు. "పన్ను పోతే పోనీ. కొరుకుతా. ఎవుడు ఆపుతాడో చూస్తా."

దసరా అయింది. కొత్త బుడ్డల మొదటి ట్రాక్టరు మిల్లు గేటు ముందు ఆగింది. ఆ రోజు జరిగినది నేను అంగడికి వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాను. జయకుమార్ మిషన్ చేతపట్టుకుని ఒక పక్క. ఓబుళేశు మామ ఇంకో పక్క. మామ పంచె పైకి కట్టి ట్రాలీ ఎక్కాడు. అడుగునుంచి గుప్పెడు తీశాడు. చెవి దగ్గర గలగలలాడించాడు. ఒలిచాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. గింజను పంటి కింద పెట్టి కొరికాడు చూడండి, టప్! ఆ చప్పుడు ఆదోని మార్కెట్లో వినిపించి అక్కడ ధర మారింది. మిషన్ అద్దం దానంతట అదే పగిలింది. జయకుమార్ దాన్ని గుడ్డలో చుట్టి మళ్ళీ మూలకు పంపించాడు.

మొన్న ఈ కథ ఇక్కడిదాకా చెప్పేసరికి, నా వెనక పేస్టు కోసం వచ్చి నిలబడి ఉన్న మామ గొంతు వినబడింది. నవ్వలేదు, తిట్టలేదు.

"కొరకల్యా. ఒలిచి, చేతిలో పెట్టుకొని చూస్తి, అంతే. మిషన్ పెట్టుకోమని జయకుమార్‌కు నేనే చెప్పి ట్రాలీ దిగినా."